గోడ నిండ నియమాలు

ఆ దినాలల్ల నాకు ఒక గట్టి నమ్మకం ఉంటుండె: ఏదన్న మాటను మంచి అక్షరాలతోని రాసి గోడకు అతికిస్తే, ఇగ లోకం ఆ మాట ప్రకారమే నడుస్తదని. ఇప్పుడు తల్సుకుంటే నవ్వొస్తది గని, ఇరవై మూడేండ్ల వయసుల అది నవ్వే ముచ్చట గాదు. ఇంట్ల నల్లా మీద "వాడిన వెంటనే కట్టివేయవలెను" అని చీటీ అతికించింది నేనే, బియ్యం డబ్బా మీద "మూత సరిగా పెట్టవలెను" అని రాసింది నేనే. మా నాయిన ఆ నల్లా చీటీని రోజు పొద్దుగాల చదివి, "రాత ముత్యాలోలె ఉన్నది బిడ్డా" అని మెచ్చుకొని, నల్లా అట్లనే ఇడిసిపెట్టి పోతుండె. అప్పటికన్న నాకు సోయి రావాల్సి ఉండె. రాలేదు.

డిగ్రీ అయినంక, మెదక్ల మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న లైబ్రరీల నాకు కాంట్రాక్టు మీద నౌకరి దొరికింది. నౌకరి అంటే ఏంది, పొద్దుగాల తాళం తీసుడు, పేపర్లు బల్ల మీద పరుసుడు, వచ్చినోళ్లతోని రిజిస్టర్ల సంతకం పెట్టించుడు, పుస్తకాల దుమ్ము దులుపుడు. గంతే. గని మెడల ఏసుకునేటందుకు ఒక ఐడీ కార్డు ఇచ్చిన్రు. ఆ కార్డును నేను కూరగాయల మార్కెట్‌కు గూడ ఏసుకపోయేదాన్ని. టమాటలమ్మే ఆమె "బ్యాంకుల చేస్తవా బిడ్డా" అని అడిగితే కాదన్న గని, ఆ కాదన్న తీరు ఔనన్నట్టే ఉండె.

మా లైబ్రరీ అంటే ఒక పొడుగు హాలు, వరుసగ బీరువాలు, మధ్యల రెండు పెద్ద బల్లలు, నాలుగు ఫ్యాన్లు (తిరిగేటివి మూడు). ఆ మూడు ఫ్యాన్ల కింది కుర్చీల కోసమే రోజు పంచాయితీ. కుల్చారం, కౌడిపల్లి దిక్కెల్లి ఫస్ట్ బస్సుకు దిగే పోరగాండ్లు, సర్కారు నౌకరీల పరీక్షలకు చదివేటోళ్లు, ఒక పదిహేను ఇరవై మందిదాక ఉండిరి. బస్సు కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుకునే అలవాటు మనకు తెల్వంది గాదు. ఆ అలవాటును వాళ్లు సీదా లైబ్రరీలకు తీస్కొచ్చిన్రు. తాళం తీసుడే ఆలస్యం, ఫ్యాన్ కింది కుర్చీల మీద దస్తీలు పరిచి, ఇగ నాష్టా చేసొద్దామని పోతుండిరి. దస్తీ ఉన్న కుర్చీల ఎవలు కూసోవద్దు, అది వాళ్లల్ల వాళ్లకు ఒప్పందం. నేను వాళ్లకు దస్తీ బ్యాచ్ అని పేరు పెట్టిన.

ఇంకొకాయన కునుకు సారు. లెక్కల సారుగ చేసి రిటైరైండు. పదిన్నరకు వచ్చి, పేపరును రెండు చేతులతోని మొఖానికి అడ్డంగ పట్టుకొని, పావుగంట తిరగకముందే ఆ పేపర్ ఎనుక నిద్ర పోతుండె. గురక షురువైతే పేపర్ అంచు గుర్రుకొకసారి ఊగుతుండె. పక్కపొంటి కూసున్నోళ్లు ఆ ఊగే పేజీని గూడ తిప్పలు పడి చదువుతుండిరి గని, ఆయన చేతులకెల్లి మాత్రం గుంజకపోతుండిరి. ఇగ ఇంకో జంట ఉండె, నర్సమ్మ, బీడీలవ్వ. నర్సమ్మ దవాఖానల నర్సుగ రిటైరైన ఆమె, ఆదివారం చర్చికి ఎంత టైముకు పోతదో మిగిలిన ఆరు దినాలు లైబ్రరీకి అంతే టైముకు వస్తుండె. వార్డు ఈ చివర నిలబడి ఆ చివర మంచం మీదోళ్లను పిలిచిన గొంతు ఆమెది. బీడీలవ్వ ఆమెకు దోస్తు. బడి మొఖం చూడలేదు, బతుకంత బీడీలు చుట్టింది. నర్సమ్మ పేపర్ గట్టిగ చదువుతుంటే బీడీలవ్వ పక్కన కూసోని ఇంటుండె, మధ్యమధ్యల పెద్ద హెడ్డింగుల మీద ఏలు పెట్టి "ఇది 'మ' నా" అని అడిగి, ఏడాది నుంచి ఒక్కో అక్షరం నేర్చుకుంటుండె.

మా లైబ్రరీ సారుకు ఇవన్ని తెల్సు. తెల్సి గూడ ఏమనకపోతుండె. "వచ్చినోళ్లు వచ్చిన్రు, కూసున్నోళ్లు కూసున్నరు, ఇంకేం గావాలె బిడ్డా" అంటుండె. నాకు సారంటే గౌరవమే. గని మనసుల మాత్రం, ఈ సారుకు నడిపించుడు రాదు, ఈ కుర్చీల నేనుంటేనా, అనుకునేదాన్ని. దేవుడు ఆ మాట ఇన్నట్టుండు. సారు వాళ్లింట్ల ఆమెకు మోకాలి ఆపరేషన్ పడ్డది. సారు నెల దినాలు సెలవు పెట్టి హైదరాబాద్ పోయేముందు తాళాలు నా చేతుల పెట్టి, నన్ను కూసుండబెట్టి ఒక ముచ్చట చెప్పిండు.

"నెలాఖరుకు పెద్దాఫీసు నుంచి మేడం వస్తది. మన హాలు మీద వేరే ఆఫీసోళ్ల కన్ను పడ్డది. ఈడ జనం పల్చగ కనబడితే హాలు వాళ్లకిచ్చి, మనల్ని రెండు బీరువాలతోని మెట్ల కింది గదిలకు పంపుతరు. జర మంచిగ చూస్కో బిడ్డా."

సారు చెప్పినదాంట్ల "జనం" అన్న మాట నా చెవులకు పడలేదు. "మంచిగ" అన్నదొక్కటే పడ్డది. మేడం వస్తది, హాలు సాఫ్‌గ ఉండాలె, సూది పడ్డ ఇనబడాలె, అప్పుడు మేడం నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు" అంటది, నేను ఐడీ కార్డు సర్దుకుంట. నా బుర్రల నడిచిన సినిమా ఇదే. ఆ పొద్దుమూకినంకనే కూసోని నియమాలు రాసుడు షురువు చేసిన. ఎనిమిదిటితోని ఆపుదామనుకున్న. గని ఒక్కో నియమం రాస్తుంటే దాని ఎంబడి ఇంకోటి యాదికొచ్చుడు. "గ్రంథాలయమునందు నిశ్శబ్దము పాటించవలెను" అని మొదలుపెట్టి, "ఆసనములపై చేతిరుమాళ్లు ఉంచి స్థలమును ఆక్రమించరాదు", "వార్తాపత్రికల చాటున నిద్రించరాదు", "పత్రికలను బిగ్గరగా పఠించరాదు" అనుకుంట పోయి, ఇరవై మూడింటికాడ తేలిన. (ఇరవై మూడోది "పై నియమములను అందరును చదువవలెను".) జన్మల ఎన్నడు "పఠించుట" అన్నదాన్ని గాదు. ఆ భాష యాడికెల్లొచ్చిందో నాకే ఎర్కలేదు, కుర్చీల కూసుంటే అదే వచ్చినట్టున్నది.

కాయితం మీద రాసి అతికిస్తే సరిపోతుండె. గని నాకు ఆగబుద్ధి గాలేదు. మా మేనమామ పెయింటర్. గోడల మీద సిమెంటు బస్తాల ప్రకటనలు, ఎలక్షన్ల గుర్తులు రాసే చెయ్యి ఆయనది. "మామా, ఒక నాలుగు మాటలు రాయాలె" అంటే రెండు డబ్బాల ఆయిల్ పెయింటు పట్టుకొని వచ్చిండు. ఫోన్ల సారును అడిగితే, దవాఖాన గోలల ఉన్నడు పాపం, "నీ ఇష్టం బిడ్డా" అన్నడు. సారు ఒక అట్టముక్క అనుకున్నడు. మామ మాత్రం రోడ్డు మీద పోయే బస్సులల్ల ఉన్నోళ్లకు కనబడాలె అన్న లెక్కల జానెడు జానెడు అక్షరాలు, ఎర్ర రంగుల రాసి, వాటికి నీలం నీడ గూడ తీసిండు. ఒక గోడ మొత్తం తొమ్మిది నియమాలకే నిండింది. మిగిలినయి ఎదురుగోడకు పోయినయి. పద్నాలుగోది కిటికీ కాడ ఇరిగింది. "పుస్తకముల పేజీలు చింప" దాక ఇవతల, "రాదు" అవతల. కిటికీ రెక్క తెరిస్తే ఆ "రాదు" దాని ఎనుకకు పోతుండె. ఇరవై మూడోది బాత్రూం తలుపు మీద చోటు చూసుకున్నది. మామ బ్రష్షు కడుక్కుంట, "ఇగ ఇది నీ బిడ్డల పెండ్లిళ్లదాక పోదు" అన్నడు. నేను మస్తు ఖుషి అయిన.

తెల్లారి నుంచి నా రాజ్యం షురువైంది. చేతుల ఒక కట్టె స్కేలు పట్టుకున్న. పొద్దుగాల దస్తీ బ్యాచ్ నాష్టాకు పోంగనే, కుర్చీల మీదున్న దస్తీలన్ని ఏరి ఒక అట్టడబ్బాల ఏసి, డబ్బా మీద "జప్తు" అని రాసిన. వాళ్లు తిరిగొచ్చి, ఖాళీ కుర్చీలను చూసి, గోడను చూసి, నన్ను చూసిన్రు. "అక్కా, గది మా నాయిన దస్తీ" అని ఒకడు మెల్లగ అన్నడు. "మూడో నియమం" అన్న నేను. కునుకు సారు కాడికి పోయి, పేపర్ అవతలికెల్లి స్కేలుతోని బల్లను టక్కుమని కొట్టిన. ఆయన అదిరిపడి లేచి, "ఔను, కూడిక తప్పింది" అన్నడు. (బడిల ఉన్ననని అనుకున్నట్టుండు.) చుట్టూ ఎవలు నవ్వలేదు. నవ్వుడు గూడ ఏడో నియమంల బంద్ అయింది మరి.

అదే రోజు పదకొండు కొట్టంగ నర్సమ్మ, బీడీలవ్వ వచ్చిన్రు. నర్సమ్మ పేపర్ ఇప్పి, గొంతు సవరించుకొని చదువుడు మొదలుపెట్టంగనే నేను ఎదురుగ పోయి నిలబడ్డ.

"నర్సమ్మా, ఈడ గట్టిగ చదువొద్దు. మనసుల చదువుకోండ్రి."

ఆమె కండ్లద్దాలు తీసి నన్ను చూసింది. "నేను మనసుల చదివితే ఈమెకెట్ల ఇనబడాలె బిడ్డా?"

"అవ్వ గూడ మనసుల చదువుకోవాలె."

"ఆమెకు చదువొస్తే నేనెందుకు చదువుత?"

ఆడికి ఊకోవాలె గదా, ఊకోలేదు. స్కేలుతోని గోడ చూపించిన. బీడీలవ్వ గూడ మెడ తిప్పి గోడ దిక్కు చూసి, "ఏమున్నది బిడ్డా ఆడ" అన్నది. నేను నిటారుగ నిలబడి, హాలు మొత్తం ఇనబడేటట్టు, "గ్రంథాలయమునందు నిశ్శబ్దము పాటించవలెను" అని చదివిన. ఆ చదివిన గొంతు నర్సమ్మ గొంతు కన్న పెద్దగుండెనని నాకు అప్పుడు తట్టలేదు.

"మంచిగ చదివినవు బిడ్డా" అన్నది బీడీలవ్వ. ఎక్కిరింపు గాదు, నిజంగనే మెచ్చుకున్నది. "అయితే ఈడ చదువచ్చినోళ్లే కూసోవాలె అన్నట్టు." సంచి సర్దుకొని లేచింది. ఆమె ఎంబడి నర్సమ్మ లేచింది. పోయేటప్పుడు నర్సమ్మ పేపర్ మడిచి, నాలుగు మూలలు కలిపి, బల్ల మీద సక్కగ పెట్టి పోయింది. నేను ఆ మడిచిన పేపర్‌ను పక్కకు జరిపి, టిఫిన్ డబ్బా తీసిన.

తర్వాత దినదినం హాలు సాఫ్ అయింది. మొదలు దస్తీ బ్యాచ్ పోయింది, ఎనుక కునుకు సారు పోయిండు, వాళ్లను చూసి వచ్చేటోళ్లు గూడ రాలేదు. కుర్చీలు లైన్ల ఉన్నయి, పేపర్లు మడత నలగకుంట ఉన్నయి, నేల మీద ఒక్క పల్లి పొట్టు లేదు. నేను ఆ సప్పుడు లేని హాల్ల నడుమ నిలబడి, మూడు ఫ్యాన్లు తిరిగే సప్పుడు ఇనుకుంట, మేడం ఇప్పుడే వస్తే ఎంత మంచిగుండు అనుకున్న. ఆ వారం దినాలున్నంత సంబురం నాకెన్నడు లేదు. రెండో వారం జర బోర్ కొట్టింది. మూడో వారం, నాతోని నేనే మాట్లాడుకుంటుంటే నాకే నియమం యాదికొచ్చి ఆగిపోయిన. నాలుగో వారం సోమవారం సారు ఫోన్ చేసిండు.

"ఎట్లున్నది బిడ్డా హాలు?"

"మస్తున్నది సార్. సూది పడ్డ ఇనబడ్తది."

"ఇయ్యాల ఎందరొచ్చిన్రు?"

రిజిస్టర్ చూసిన. "ఇద్దరు సార్." ఇంకోపారి చూసిన. "ఒకటి నేనే సార్."

"బిడ్డా" అన్నడు సారు, "మేడం శుక్రవారం వస్తది. ఖాళీ కుర్చీలను చూస్తే శనివారం మనం మెట్ల కింద ఉంటం." తిట్టలేదు. తిడితే బాగుండు. అప్పుడు పడ్డది నా చెవుల "జనం" అన్న మాట, నెల దినాలు ఆలస్యంగ. నా కాంట్రాక్టు పోతదన్న భయం ఒకటైతే, అంతకన్న పెద్దది ఇంకోటి. ముప్పై ఏండ్లకెల్లి నడుస్తున్న హాలును నేను ఇరవై రోజులల్ల ఖాళీ చేసిన. కుల్చారం పోరగాండ్లు కూసోని చదువుకునేటందుకు ఊర్ల ఇంకో నీడ లేదు. ఆ మాట తల్సుకుంటే నాకు ఏడుపొచ్చింది, కూసోని ఏడ్చిన గూడ. (హాల్ల ఏడ్వరాదని నేను రాయలేదు, అదొక్కటి మర్చిపోయిన.)

దొంగ బుద్ధి గూడ పుట్టింది, దాచేదేమున్నది. రిజిస్టర్ల నేనే నలుగురి సంతకాలు పెడ్దామని పెన్ను తీసిన. పేర్లు ఏం రాయాలె అని ఆలోచిస్తే, బుర్రలకు వచ్చినయన్ని మా చిన్నాయిన పిల్లల పేర్లే. సంతకాలన్ని ఒకే దిక్కు ఒరిగినయి. అయినా మేడం రిజిస్టర్ చూసినంక కుర్చీలు గూడ చూస్తది గదా. ఆ పేజీ కొట్టేసి, స్కేలు బీరువాల పెట్టి, హాలుకు తాళమేసి, మనుషులను ఎతుక్కుంట పోయిన.

చానా దూరం పోవాల్సి రాలేదు. బజార్ల కలిసిన ఒకాయన "మీ లైబ్రరీ చర్చి కాంపౌండ్లకు మారిందంట గదా" అన్నడు. పోయి చూస్తే నిజమే. వేప చెట్ల కింద సిమెంటు బెంచీల మీద దస్తీలు పరిచి ఉన్నయి. ఒక చెట్టుకు ఆనుకొని కునుకు సారు పేపర్ అడ్డం పెట్టుకొని పన్నడు, గాలికి ఆయన గురకకు కలిపి పేపర్ ఊగుతున్నది. నర్సమ్మ గొంతు గేటు కాడికే ఇనబడ్తున్నది. చర్చి చూడొచ్చిన బయటి ఊరోళ్లు ఇద్దరు గూడ నిలబడి వార్తలు ఇంటున్నరు. మా లైబ్రరీకొచ్చేటోళ్లు తలా ఇంత ఏసుకొని పేపర్లు గూడ తెప్పించుకుంటున్నరు. నన్ను చూడంగనే నర్సమ్మ చదువుడు ఆపింది.

ఉన్న ముచ్చట మొత్తం చెప్పిన. శుక్రవారం, మేడం, మెట్ల కింది గది. "తప్పు నాదే. హాలు మీది. రాండ్రి" అన్న. దస్తీ బ్యాచ్‌ల ఒక పొడుగు పిల్లగాడు, పరీక్షలకు చదివీ చదివీ అన్నిటికి పాయింట్లు రాసే అలవాటైనోడు, నోట్‌బుక్కుల నుంచి ఒక కాయితం తీసిండు. "అక్కా, మేం గూడ రాసుకున్నం" అన్నడు. మీద హెడ్డింగు: "గ్రంథాలయ సిబ్బంది పాటించవలసిన నియమములు". నా భాషలనే రాసిన్రు.

"మొదటిది," అని చదివిండు. "సిబ్బంది వచ్చినవారిని చూసి నవ్వవలెను. నవ్వు రానిచో కనీసము గుడ్లురుమరాదు. రెండవది, లెక్కల సారును లేపరాదు. తప్పనిసరియైనచో భుజము తట్టి లేపవలెను, స్కేలు వాడరాదు. మూడవది, జప్తు చేసిన చేతిరుమాళ్లను ఉతికి, ఆరవేసి, మడిచి ఇవ్వవలెను." ఇట్ల పదకొండున్నయి. చివర నేను సంతకం పెట్టేటందుకు గీత కొట్టి జాగ గూడ ఉంచిన్రు. పెట్టిన. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలేదు గని, వాళ్లు నవ్విన్రు, నేను గూడ నవ్విన.

"రేపే మామను పిలిచి ఆ గోడలకు సున్నం ఏపిస్త" అని మాటిచ్చిన. అప్పటిదాక ఊకున్న బీడీలవ్వ, "ఏపియ్యకు" అన్నది.

నాకు సమజ్ గాలేదు. ఆమె చెప్పింది: "పేపర్ల అక్షరాలు నాకు చీమలోలె కనబడ్తయి. హెడ్డింగులొక్కటే ఆనుతయి. నీ గోడ మీదియి అంతంత లావున్నయి. ఆ రోజు నువ్వు చదువుతుంటే చూసిన, ఒక్కోటి ఎరుకైనట్టే అనిపించింది. జర ఉండనియ్యి. నేను నేర్చుకుంట." నర్సమ్మ పేపర్ మడిచి, "చూసినవా" అన్నట్టు నా దిక్కు చూసింది. బీడీలవ్వ మీద నాకు అంత ప్రేమ ఎందుకొచ్చిందో, ఆమె చేతులు పట్టుకున్న. బీడీల ఆకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారిన ఏళ్లు.

ఆ పొద్దుమూకినంక మా ఇంటి దండెం మీద పదిహేడు మొగోళ్ల దస్తీలు ఆరేసిన. మా అమ్మ ఒకటి తర్వాత ఒకటి లెక్కపెట్టి, "ఎవలయే ఇవి" అన్నది. "లైబ్రరీయి" అన్న. "లైబ్రరీల పుస్తకాలిస్తరా, దస్తీలిస్తరా" అని నాయినను పిలిచింది. పెండ్లికి ఉన్న పిల్ల ఇంట్ల పదిహేడు దస్తీలు, అమ్మ పరేషాన్ అయ్యిందంటే అయ్యింది మరి. నాయిన అన్ని చూసి, "మడతలు మాత్రం సక్కగ పెట్టింది" అన్నడు.

మంగళవారం నుంచి హాలు మళ్ల నిండింది. నిండుడు గాదు, పొంగింది. బీడీలవ్వ మొదటి గోడకు ఎదురుగ కుర్చీ ఏసుకొని కూసునుడు, నర్సమ్మ గొడుగు కొసతోని ఒక్కో అక్షరం చూపించుడు, అవ్వ పలుకుడు, తప్పితే దస్తీ బ్యాచ్ అందరు కలిసి దిద్దుడు. "నిశ్శబ్దము" అన్న మాట ఆ మూడు దినాలల్ల ఆ హాల్ల ఎన్నిసార్లు ఒర్రిన్రో లెక్కలేదు. రోడ్డు మీద పోయేటోళ్లు లోపటికి తొంగిచూసి పోతుండిరి. నేను నవ్వుకుంట కూసున్న, మొదటి నియమం ప్రకారం.

శుక్రవారం పదకొండింటికి మేడం వచ్చింది. చెప్పిన టైము కన్న గంట ముందు. నేను లేచి నిలబడేసరికే ఆమె గుమ్మంల ఉన్నది. ఆమె కండ్లు మొదలు గోడ మీదికి పోయినయి, జానెడు ఎర్ర అక్షరాల మీదికి, తర్వాత హాల్లకు దిగినయి. మూడో నియమం కాడ దస్తీలు. ఐదోదాని కింద కునుకు సారు గురక. ఏడోదాని కింద ఎవలో పడి పడి నవ్వుతున్నరు. పదకొండోది చాయ్ గ్లాసులు. ఆమె ఒక్కొక్కటి చదువుడు, కింద చూసుడు. హాలు పోయింది, ఇగ ఐపోయింది అనుకున్న.

ఎవలో "మేడం" అని గుసగుసలాడంగనే దస్తీ బ్యాచ్ లేవబోయిన్రు. గని బీడీలవ్వకు అదేం తెల్వదు. ఆమె వీపు మా దిక్కున్నది. ఆ పొద్దు ఆమె మొదటిసారి గొడుగు సాయం లేకుంట, ఎవలు దిద్దకుంట, లైను మొత్తం తానే చదువుతనని చెప్పి కూసున్నది. ఏలు గాలిల లేపి మొదలుపెట్టింది.

"గ్రం... థా... ల... య..."

ఒకడు సాయం చేద్దామని నోరు తెరిస్తే నర్సమ్మ చెయ్యెత్తి ఆపింది. అవ్వ ఆగింది. మళ్ల ఎనుకకు పోయింది. "గ్రంథాలయ... ము... నం... దు." నవ్వేటోళ్లు నవ్వాపిన్రు. పేజీలు తిప్పేటోళ్లు చేతులు తీసిన్రు. మేడం గుమ్మంలనే నిలబడ్డది, అడుగు తియ్యలేదు. హాల్ల సప్పుడు పోయేసరికి దానికే మెలకువొచ్చి కునుకు సారు పేపర్ దించి చూసిండు. "ని... శ్శ..." అని అవ్వ ఆగితే, హాలంత ఆమెతోని ఆగింది. అందరి పెదవులు కదులుతున్నయి, గొంతు మాత్రం ఎవలు తియ్యలేదు. "నిశ్శ... బ్ద... ము." ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు తెల్వదు. "పాటించ... వ... లె... ను" అని పూర్తి చేసి, ఏలు దించి, "అంతేనా" అన్నది అవ్వ, ఇంకా ఉన్నదేమోనని గోడ దిక్కే చూసుకుంట.

"అంతే" అన్నది నర్సమ్మ. వార్డు ఆ చివరిదాక పోయే గొంతు, ఆ ఒక్క మాటకు మాత్రం పైకి లేవలేదు.

మేడం లోపటికొచ్చి నా కాడ నిలబడింది. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. "ఈ నియమాలు ఎవరు రాసిన్రు?"

"నేనే మేడం."

"ఎన్ని?"

"ఇరవై మూడు మేడం. చివరిది బాత్రూం తలుపు మీదున్నది."

"వీటిల ఎన్ని నడుస్తున్నయి?"

అబద్ధం చెప్పాలన్న రాలేదు. "ఇప్పుడే ఒక రెండు నిమిషాలు మొదటిది నడిచింది మేడం" అన్న.

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకున్నదో, మరేందో. బీడీలవ్వ కాడికి పోయి, పక్క కుర్చీ మీదున్న దస్తీని తీసి బల్ల మీద పెట్టి కూసోని, "రెండోది గూడ చదువు అవ్వా" అన్నది. ఆ దస్తీ ఎవలదో వాడు మెల్లగ దాన్ని తీసి జేబుల పెట్టుకున్నడు. మేడం రెండింటిదాక కూసున్నది. పోయేటప్పుడు రిజిస్టర్ల అందరిలెక్కనే సంతకం పెట్టి, "వచ్చిన పని" అన్న గడిల "వినుటకు" అని రాసింది. పెద్దాఫీసుకు ఏం రాసిందో నాకు తెల్వదు. హాలు మాత్రం ఆడనే ఉన్నది. సారు తిరిగొచ్చి గుమ్మంల నిలబడి, గోడలను ఈ చివరకెల్లి ఆ చివరదాక చూసి, "నేను అట్టముక్క అనుకున్న బిడ్డా" అన్నడు. ఏడాది తిరిగేసరికి బీడీలవ్వ గోడ దిగి, పుస్తకాలకాడికొచ్చింది. పిల్లల కథల పుస్తకాలు, పెద్ద అక్షరాలవి.

ఇదంత అయి పదిహేనేండ్లు దాటింది. ఆ తర్వాత నేను పరీక్ష రాసి, ఈ పనిలనే పర్మనెంట్ అయి, ఇప్పుడు నర్సాపూర్ల ఉంటున్న. అవ్వ లేదు, నర్సమ్మ గూడ లేదు. మొన్న ఏదో పని మీద మెదక్ పోయి, ఉండబట్టలేక ఆ హాల్ల అడుగుపెట్టిన. గోడలకు కొత్త రంగేసిన్రు, తెల్లగ మెరుస్తున్నయి. గని మామ ఏసిన ఆయిల్ పెయింటు గట్టిది. కిటికీల నుంచి ఎండ ఏటవాలుగ పడితే, కొత్త రంగు కింద పాత అక్షరాల అంచులు ఉబ్బి కనబడ్తున్నయి. దగ్గరికి పోయి చెయ్యి పెట్టిన. చేతి ఏళ్లకు "గ్రం" తాకింది. నాకు తెల్వకుంటనే ఒక్కో అక్షరం తడుముకుంట చదివిన, అవ్వ చదివిన తీరునే, గట్టిగ. ఎనుక ఎవలో భుజం మీద మెల్లగ తట్టిన్రు. ఇరవై ఏండ్ల పిల్ల, చేతుల పోటీపరీక్షల పుస్తకం, మొఖంల మస్తు కోపం.

"మేడం, ఇది లైబ్రరీ. జర మనసుల చదువుకోండ్రి" అన్నది.

"తప్పైంది బిడ్డా" అన్న. అని బయటికొచ్చి మెట్ల మీద కూసోని, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. ఆ పిల్ల అన్న మాట సరైందే. నేను అప్పుడు అన్నది గూడ సరైందే, పాపం. గంత సరిగ్గ ఉండాలని గంత కష్టపడ్డ ఆ ఇరవై మూడేండ్ల పిల్ల మీద ఇప్పుడు నాకు కోపం రాదు. ఎదురుపడితే పక్కన కూసుండబెట్టుకొని, ఒక చాయ్ తాగిపిచ్చి, "చదువు బిడ్డా, నేనింట" అంట.